యేట్సు మహాకవి జీవితము – కథాగాన సాధన

ఒక జాతి పూర్వకథలు గ్రంథస్థములైన పిదప వాని నోటి బ్రతుకు ఏమగును అను ప్రశ్న భారతీయ సాహిత్యములను అధ్యయనము చేయువారికి క్రొత్తది కాదు. తెలుగువారి హరికథ, బుర్రకథలు, తమిళుల విల్లుప్పాట్టు, మహారాష్ట్రుల కీర్తనము మొదలగు ప్రక్రియలన్నియు ఆ ప్రశ్నకు ఆయా ప్రజలు ఇచ్చుకొన్న సమాధానములే. కథకుడు నిలిచి చెప్పవలెను; ప్రక్కన వాద్యము పలుకవలెను; సభ ఎదుట కూర్చుండి వినవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను కథ కాగితమున మిగులును గాని గాలిలో నిలువదు. ఐరోపా ఖండమునకు పడమటి అంచున నున్న ఐర్లండు ద్వీపమున ఇదే ప్రశ్నను జీవితకాలమంతయు మోసిన కవి విలియం బట్లర్ యేట్సు.

యేట్సును లోకము భావకవిగా ఎరుగును. 1923లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. భారతీయులకు ఆయన రవీంద్రుని ఆంగ్ల గీతాంజలికి పీఠిక వ్రాసిన కవిగా పరిచితుడు. అయితే ఇరువదియేండ్ల ప్రాయము మొదలు తుది శ్వాస విడుచు మాసము వరకు ఆయన విడువక చేసిన పని వేరొకటి కలదు. తన దేశపు ప్రాచీన కథను సజీవ కంఠముతో, సజీవ వాద్యముతో సభకు వినిపించుట ఎట్లు అనునదే ఆ పని. వింత యేమనగా, స్వరభేదములను గుర్తింపగల చెవి ఆయనకు లేదు. ఒక రాగమునకును మరియొక రాగమునకును గల భేదము తనకు తెలియదని ఆయనయే అంగీకరించెను. చందోగతిని వినుటలో అసమానుడైన కవి సంగీత విషయమున బధిరప్రాయుడు. ఈ వైరుధ్యమే ఆయన కథాగాన సాధనకు బలమును బలహీనతయు నైనది.

ఐర్లండు కథాసంప్రదాయము

యేట్సునకు పూర్వస్థితిని కొంత తెలిసికొననిదే ఆయన తపన అర్థము కాదు. ప్రాచీన ఐరిష్ గాథలు చాలవరకు గద్యమున నడచి, ఉద్వేగ స్థానములందు పద్యమునకు మారును. సంస్కృతాంధ్రములందలి చంపూ రచనను ఎరిగినవారికి ఈ తీరు సుపరిచితముగ తోచును. మధ్యయుగములలో ఆస్థానకవి తాను రచించిన స్తుతిని తానే వినిపించెడివాడు కాడు. దానిని పఠించుటకు వేరొక పాఠకుడు, పఠనమునకు తోడుగ హార్పు అను తంత్రీవాద్యమును మీటుటకు వేరొక వాదకుడు ఉండెడివారు. రచన, పఠనము, వాదనము అను మూడు పనులు ముగ్గురి నడుమ పంచబడి యుండెను.

పదునేడవ శతాబ్దమున గేలిక్ ప్రభువుల సంస్థానములు కూలిపోవుటతో ఈ వ్యవస్థ శిథిలమయ్యెను. అంధ హార్పు వాదకుడు టర్లో ఓకేరొలన్ 1738లో గతించెను. 1792లో బెల్‌ఫాస్టు నగరమున మిగిలిన హార్పు వాదకులను సమావేశపరచినప్పుడు వచ్చినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. వారి బాణీలను ఎడ్వర్డు బంటింగ్ అను యువకుడు స్వరపరచి భద్రపరచెను. 1845 మొదలు కొన్ని సంవత్సరములు దేశమును దహించిన బంగాళాదుంపల క్షామము లక్షలాది జనులను పొట్టనబెట్టుకొని, లక్షలాది జనులను సముద్రములు దాటించెను. ఐరిష్ భాష మాటలాడు పేదజనమే అధికముగ నశించుటచే భాషయు క్షీణించెను. ఇక మిగిలినది పల్లెటూరి పొయ్యి ప్రక్కన కూర్చుండి కథ చెప్పు ముదుసలి మాత్రమే. ఆ ముదుసలి కంఠము యేట్సు చెవిని సోకినది.

బాల్యము

యేట్సు 1865వ సంవత్సరము జూన్ 13వ తేదీన డబ్లిన్ నగరమును ఆనుకొనియున్న శాండీమౌంటున జన్మించెను. తండ్రి జాన్ బట్లర్ యేట్సు న్యాయవాదవృత్తిని విడిచి చిత్రకారుడైనవాడు. తల్లి సూసన్ పాలెక్స్‌ఫెన్, పడమటి తీరమునందలి స్లైగో పట్టణపు ఓడవర్తకుల ఆడపడుచు. కుటుంబము కొంతకాలము లండనునందును, కొంతకాలము డబ్లిన్ ప్రాంతమునందును గడపినను బాలుని మనస్సునకు స్లైగోయే స్వస్థలమయ్యెను. తాతగారి యింట సెలవులు గడపునపుడు నావికులు, సేవకులు, పల్లెజనులు చెప్పుకొను దయ్యముల కథలు, దేవతాగణముల కథలు ఆయన చెవిని పడెను. తల్లియు జాలరి స్త్రీలతో ముచ్చటించుచు అట్టి కథలయందు మక్కువ చూపెడిది.

బాలుడు చదువ నేర్చుట ఆలస్యమయ్యెను. తండ్రి బిగ్గరగ చదివి వినిపించిన స్కాటు, మెకాలే రచనల మూలమున ఆయనకు సాహిత్యము మొదట చెవిద్వారా ప్రవేశించెను. పిమ్మట పద్యము కట్టునపుడు గొంతెత్తి లయబద్ధముగ వల్లించుచు కట్టుట ఆయనకు అలవాటయ్యెను. పద్యమనగా ఆయన దృష్టిలో మొదట ధ్వని, ఆ తరువాతనే అక్షరము.

డబ్లిన్‌లో చిత్రకళాశాల విద్యార్థిగా నున్న దినములలో మోహినీ చటర్జీ అను వంగదేశీయ వేదాంతి ఆ నగరమునకు వచ్చి ఉపన్యసించెను. భారతీయ తత్త్వచింతన ఆయన హృదయమున నాటుకొన్నది అప్పుడే. దాని ఫలము అర్ధశతాబ్దము గడచిన పిదప, పురోహిత స్వామితో కలిసి ఉపనిషత్తులను ఆంగ్లీకరించి 1937లో ప్రకటించుటతో పరిణతి చెందెను.

కథాసేకరణము – ఒక పొరపాటు

1888లో యేట్సు ఐరిష్ రైతుజనుల జానపదకథలను సంకలించి ప్రచురించెను. 1889లో ఆషీన్ అను పురాణవీరుని సంచారమును కావ్యముగ రచించెను. 1893లో, బాలిసొడేర్ గ్రామమున నీరు కారు ఒంటిగది గుడిసెలో నివసించిన పాడీ ఫ్లిన్ అను వృద్ధుడు మొదలగువారు చెప్పిన కథలను చేర్చి మరియొక గ్రంథము వెలువరించెను. ఈ సేకరణమున ఒక పెద్ద లోపము ఉండెను. యేట్సునకు ఐరిష్ భాష రాదు. ఆంగ్లమున చెప్పబడిన కథను, లేదా ఇతరులు అనువదించి చెప్పిన కథను మాత్రమే ఆయన గ్రహింపగలిగెను. ఆ లోపమును పూరించినది ఆగస్టా గ్రెగొరీ. ఆమె గాల్వే మండలమున కూల్ పార్క్ అను ఎస్టేటునకు యజమానురాలు. పట్టుదలతో ఐరిష్ నేర్చిన విదుషి. 1897 ప్రాంతమునుండి వారిరువురును గుడిసె గుడిసెకు తిరిగి కథలు వినిరి. ఆమె వ్రాసికొనుచుండ ఆయన వినుచుండెను. 1902లో ఆమె ప్రకటించిన కుహూలిన్ వీరగాథా గ్రంథమే యేట్సు నాటకములు పెక్కింటికి ఆధారమయ్యెను.

సేకర్తలకు ఎట్టి ప్రమాదము పొంచియుండునో తెలుపు ఘట్టమొకటి ఈ దశలోనే కలదు. క్షామకాలమున ప్రజలు తిండికై తమ ఆత్మలను దయ్యములకు అమ్ముకొనుచుండగా వారిని విడిపించుటకు తన ఆత్మనే అమ్మివైచిన ప్రభుస్త్రీ కథను యేట్సు ఒక పత్రికలో చూచి, ఐరిష్ జానపదకథయే యని నమ్మి 1888 సంకలనమున చేర్చెను. దానినే నాటకముగ మలచి 1892లో కౌంటెస్ కేథ్లీన్ అను పేర ప్రకటించెను. అది వాస్తవమునకు లియో లెస్పెస్ అను ఫ్రెంచి రచయిత గ్రంథమునుండి వచ్చినదని తరువాత తెలిసెను. యేట్సు ఆ సంగతిని దాచక తన వివరణమున వెల్లడించెను. క్షామస్మృతి ఆరని దేశమున ఆ కథ తన యిల్లు తాను చూచుకొన్నట్లు కుదురుకొన్నది. కథకు పుట్టుక యెక్కడ, పెంపకమెక్కడ అను విచారణలో ఈ ఉదాహరణము నేటికిని ఉపయుక్తమే.

1899 మే 8వ తేదీన డబ్లిన్ నగరమున ఈ నాటకము ప్రదర్శితమయ్యెను. ఐరిష్ స్త్రీ ఆత్మను అమ్ముకొనునా యని మతాభిమానులు కొందరు గొడవ చేసిరి. ఆ కలకలములో ఒక విశేషము మరుగుపడినది. అందలి ఆలీల్ అను గాయకుని పాత్రను ధరించినది ఫ్లారెన్స్ ఫార్ అను నటీమణి. ఆమె కంఠమే తరువాతి ప్రయోగములకు మూలాధారము.

ఫ్లారెన్స్ ఫార్ – తంత్రీవాద్యము

1890లో లండనునందు బెడ్‌ఫర్డ్ పార్కున జరిగిన నాటకమున ఫార్ పద్యములు పలికిన తీరునకు యేట్సు ముగ్ధుడయ్యెను. అప్పటి రంగస్థలమున పద్యమును గద్యమువలె విరిచి పలుకుట వాడుక; సంగీతసభలలో పద్యమును రాగమున ముంచి మాటను మ్రింగివేయుట వాడుక. ఈ రెండును ఆయనకు సరిపడలేదు. మాట మాటగా వినబడవలెను, అయినను అది సామాన్యభాషణము కారాదు. పలుకునకు సహజముగ నుండు ఎత్తుపల్లములనే గుర్తించి, వానిని స్థిరపరచి, తంత్రిపై శ్రుతి పట్టి పలికినచో ప్రాచీన పాఠకుని మార్గము మరల లభించునని ఆయన ఊహించెను. ఉదాత్తానుదాత్త స్వరితములతో వేదము పఠించు సంప్రదాయమును ఎరిగినవారికి ఈ ఊహ వింతగ తోచదు. అక్కడను పఠనము గానమునకు లోబడదు; శబ్దము చెడదు; అయినను స్వరము నియతము.

పురాతన వాద్యముల పునరుద్ధరణకు ప్రసిద్ధుడైన ఆర్నాల్డ్ డోల్మెచ్ 1901లో ఫార్ కొరకు సాల్టరీ యను తంత్రీవాద్యమును నిర్మించి యిచ్చెను. మాటలాడు కంఠము సంచరించు పరిధిలోని స్వరములన్నియు దానియందు అమర్పబడెను. యేట్సు పద్యమును వల్లించు తీరును డోల్మెచ్ విని, అందలి ఎత్తుపల్లములను స్వరలిపిలో గుర్తించుటకు ప్రయత్నించెను. సంగీతమునకు చెవిలేని కవి గొంతున, ఆయనకే తెలియని స్వరములు దాగియుండెను! 1902లో యేట్సు ఈ విషయమున వ్యాసము ప్రకటించి, ఫార్ సహాయముతో ఉపన్యాసములు ప్రదర్శనపూర్వకముగ చేసెను. ఆయన సిద్ధాంతము చెప్పును. ఆమె తంత్రి మీటుచు పఠించును. 1907లో ఆమె అమెరికాకు పోయి ఈ విద్యను వినిపించెను. 1909లో తన అనుభవమును గ్రంథముగ ప్రకటించెను.

మెచ్చినవారు కలరు, అపహసించినవారును కలరు. ఫార్‌కు మిత్రుడైన బెర్నార్డు షా ఈ పద్ధతిని అంగీకరింపలేదు. విమర్శకు ఆధారమును లేకపోలేదు. పద్ధతి యంతయు ఒక్క స్త్రీ కంఠముపై ఆధారపడినది. శిష్యపరంపర ఏర్పడలేదు. ఏర్పడవలెనన్నచో గురువునకు స్వరము చెప్పుట తెలియవలెను. యేట్సునకు అది తెలియదు. తనకు ఏది కావలెనో ఆయన ఎరుగును, దానిని ఎట్లు సాధింపవలెనో ఎరుగడు. ఈ కొరత ఆయనను తుదివరకు వెంటాడెను.

ఫార్ తరువాతి జీవితము దక్షిణాసియాతో ముడివడినది. 1912లో ఆమె లండను విడిచి సింహళమునకు వచ్చి, పొన్నంబలం రామనాథన్ జాఫ్నా ప్రాంతమున స్థాపించిన బాలికావిద్యాలయమునకు అధ్యక్షురాలయ్యెను. 1917లో కొలంబో నగరమున మరణించెను. యేట్సు ఆమెను 1920లో రచించిన ఒక స్మృతికవితయందు తలచుకొనెను.

డర్ముడ్, గ్రాన్యాల కథ – ఎల్గార్ సంగీతము

ఈ మధ్యకాలమున జరిగిన మరియొక ప్రయోగము పాఠము వంటిది. వృద్ధవీరుడైన ఫిన్‌తో వివాహము నిశ్చయమైన గ్రాన్యా, పెండ్లివిందునాడే యువవీరుడు డర్ముడ్‌తో వెడలిపోవుట, ఫిన్ వారిని దేశమంతయు తరుముట, తుదకు బెన్ బుల్బెన్ కొండపై అడవిపంది కోరలచే డర్ముడ్ మరణించుట – ఇది ఐర్లండున ఆబాలగోపాలము ఎరిగిన కథ. దీనిని యేట్సు, నవలాకారుడు జార్జి మూర్ కలిసి నాటకముగ వ్రాసిరి. మూర్ ఫ్రెంచిలో వ్రాయుట, దానిని గ్రెగొరీ ఆంగ్లీకరించుట, పండితుడొకడు దానిని ఐరిష్ భాషలోనికి మార్చుట, మరల గ్రెగొరీ ఆంగ్లీకరించుట, తుదకు యేట్సు శైలి దిద్దుట అను విచిత్రమైన పథకము కూడ వారి నడుమ చర్చకు వచ్చినదని మూర్ తన స్మృతులలో వ్రాసెను.

1901 అక్టోబరు 21వ తేదీన డబ్లిన్ గెయిటీ థియేటరున దీనిని ప్రదర్శించిరి. సంగీతము కూర్చినవాడు ఆంగ్ల స్వరకర్త ఎడ్వర్డు ఎల్గార్. డర్ముడ్ శవయాత్రకు ఆయన రచించిన విషాదప్రస్థానము నిలిచినది. ఆ తరువాతను సంగీతసభలలో వినబడుచు వచ్చినది. నాటకము నిలువలేదు, యేట్సు జీవించియున్నంతకాలము అచ్చునకైనను రాలేదు. 1951లో మాత్రమే వెలుగు చూచినది. అదే రాత్రి అదే రంగమున డగ్లస్ హైడ్ ఐరిష్ భాషలో వ్రాసిన చిన్న నాటకమును, యేట్సు కథ నుండియే గ్రహింపబడినదానిని, హైడ్ స్వయముగ ప్రధానపాత్ర ధరించి ప్రదర్శించెను. ఔత్సాహికులు ఆడిన ఆ నాటకమునకే సభ ఉప్పొంగెను. ఘనమైన వాద్యబృందము కథను మోయగలదు, మ్రింగగలదు కూడ. భాష తెలిసిన కంఠము చాలినచోట వాద్యము పెద్దది కానక్కరలేదు అను రెండు సత్యములు ఆ ఒక్క రాత్రి యేట్సు కన్నులయెదుట నిలిచెను.

ఆబీ రంగస్థలము

1904 డిసెంబరు 27వ తేదీన ఆబీ థియేటరు ప్రారంభమయ్యెను. ఆనాడు ప్రదర్శింపబడిన నాటకములలో ఒకటి బాయిలె తీరమున జరిగిన కుహూలిన్ కథ. తన కుమారుడని యెరుగక వచ్చిన యువకుని ద్వంద్వయుద్ధమున చంపి, నిజము తెలిసి, ఉన్మత్తుడై సముద్రపు అలలపై కత్తి దూయు వీరుని గాథ యది. బభ్రువాహనుడు అర్జునుని పడగొట్టిన భారతకథతో దీనిని పోల్చిచూచిన భేదము స్పష్టము. అచట ఉలూచి మణి మృతుని బ్రతికించును. ఐరిష్ గాథయందు బ్రతికించు మణి లేదు.

1906లో ప్రదర్శింపబడిన డెయిర్డ్రె నాటకమున యేట్సు మరియొక అడుగు ముందునకు వేసెను. ముగ్గురు సంచారగాయనులను రంగముపై కూర్చుండబెట్టి, కథాపూర్వభాగమును వారి నోట చెప్పించెను. కోనర్ రాజు వలచిన డెయిర్డ్రె నీషెతో వెడలిపోయి, క్షమాపణమును నమ్మి తిరిగివచ్చి మోసపోయిన గాథను వారు సభకు పరిచయము చేయుదురు, పాత్రలతో మాటలాడుదురు, పాటతో ఉద్వేగమును నిలుపుదురు. కథకురాలు, సాక్షి, వంత – ఈ మూడును వారే. యేట్సు నాటకములకు ఫార్ కట్టిన బాణీలు 1908 నాటి సమగ్ర సంపుటములలో స్వరలిపితో అచ్చయినవి.

ఆబీ వ్యవహారములు, నటుల కలహములు, సభలో అల్లరులు ఆయనను క్రమముగ అలయించెను. ఇదే కాలమున 1912లో రవీంద్రుని పరిచయమయ్యెను. రోథెన్‌స్టైన్ గృహమున ఆయన గీతములను యేట్సు మిత్రులకు చదివి వినిపించెను. విద్వాంసులు చదువుటతో పాటు సామాన్యజనులు పాడుకొను కవిత ఒక దేశమున బ్రతికియున్నదని తెలిసి ఆయన ఆశ్చర్యపడెను. తన దేశమున తాను కోరినది అదియే. 1913 మే మాసమున రవీంద్రుని డాక్‌ఘర్ నాటకము ఆంగ్లమున ఆబీ రంగముపై ప్రదర్శితమయ్యెను. డబ్లిన్ నాటకోద్యమమున పాల్గొన్న జేమ్స్ కజిన్సు 1915లో భారతదేశమునకు వచ్చి మదనపల్లె కళాశాలలో పనిచేసెను. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమన గీతమునకు స్వరలిపి వ్రాసినది కజిన్సు భార్య మార్గరెట్. ఆ రెండు దేశముల నడుమ పాటయు మాటయు ఇట్లు రాకపోకలు సాగించెను.

డేగబావి

1913 మొదలు మూడు శీతకాలములు యేట్సు ససెక్సునందలి ఒక కుటీరమున అమెరికను కవి ఎజ్రా పౌండ్‌తో గడపెను. ఫెనొలోసా విడిచిపోయిన వ్రాతప్రతుల నుండి జపాను నో నాటకములను పౌండ్ దిద్దుచుండెను. ముఖములకు మాస్కులు, ప్రక్కన వాద్యబృందము, కథను చేపట్టి చెప్పు గాయకులు, నృత్యముతో ముగియు ఘట్టము – ఇదంతయు వినిన యేట్సునకు తాను వెదకుచున్నది దొరకినట్లు తోచెను. గ్రహించినది పరదేశపు రీతి. నింపవలసినది స్వదేశపు కథ.

1916 ఏప్రిల్ 2వ తేదీన లండనులో లేడీ క్యూనార్డ్ గృహపు అతిథిశాలలో డేగబావి కథను ప్రదర్శించిరి. అమరత్వమిచ్చు నీరు ఎప్పుడో ఒక్కసారి ఊరు బావి. ఏబదియేండ్లుగ అచట కాచుకొనియున్న ముదుసలి. క్రొత్తగ వచ్చిన యువకుడు కుహూలిన్. బావిని కాచు డేగరూపిణి నృత్యము చేయగా ముదుసలి నిద్రపోవును, యువకుడు ఆమె వెంట పరుగిడును, నీరు ఊరి ఇంకిపోవును. ఈ కథ పాతగాథలలో యథాతథముగ లేదు. మాయబావి, హేజెల్ చెట్లు మొదలగు పూర్వాంశములపై యేట్సు కట్టిన క్రొత్త అల్లిక. రంగస్థలము లేదు, దీపాలంకారము లేదు. గాయకులు మువ్వురు వచ్చి నల్లని వస్త్రమును విప్పి మడచుటతో ఆరంభము. మరల విప్పి మడచుటతో ముగింపు. ఇద్దరు పట్టుకొను తెరచీర వెనుక పాత్రప్రవేశము జరుగు భారతీయ నాట్యసంప్రదాయములను ఎరిగినవారికి ఈ వస్త్రము పొరుగింటి వస్తువువలె తోచును. చెట్టు, బావి, గాలి – ఇవన్నియు గాయకుల మాటలలోనే కనబడును. తప్పెట, గంట, తంత్రి మాత్రమే వాద్యములు.

డేగగా నర్తించినవాడు జపానీయుడు మిచియో ఇటో. మాస్కులు, వేషములు, సంగీతము చిత్రకారుడు ఎడ్మండ్ డ్యులాక్ కూర్చినవి. వాద్యకారులలో డ్యులాక్‌తో పాటు మాడ్ మెకార్థీ, జాన్ ఫోల్డ్సు ఉండిరి. ఐర్లండున జన్మించిన మెకార్థీ అంతకు పూర్వమే భారతదేశమునకు వచ్చి ఇచటి సంగీతమును అభ్యసించిన వయొలిన్ విదుషి. ఫోల్డ్సు తరువాత ఢిల్లీ ఆకాశవాణిలో పాశ్చాత్యసంగీత విభాగమును నడపి 1939లో కలకత్తాలో మరణించెను. సాధన దినములలో కవికిని వాద్యకారులకును భేదాభిప్రాయములు కలిగెను. మాటకు వాద్యము ఎంత లోబడవలెనో చెప్పుటకు కవికి సంగీతభాష లేదు. కవి భావమును ఊహించుటకు వాద్యకారులకు ఆయన పలుకుబడి తప్ప ఆధారము లేదు.

ఇచటనే ఆయన జీవితమందలి గొప్ప చిక్కు బయటపడును. గుడిసెలో పొయ్యి ప్రక్కన పుట్టిన కథ ధనికుల అతిథిశాలకు చేరినది. విన్నవారు కొద్దిమంది, వారిలో పెక్కండ్రకు కుహూలిన్ పేరే క్రొత్త. ఆ ప్రదర్శనము జరిగిన మూడు వారములకే, ఏప్రిల్ 24వ తేదీన, డబ్లిన్ నగరమున స్వాతంత్ర్య విప్లవము చెలరేగెను. కుహూలిన్ గాథలతో ఉత్తేజితులైన యువకులు వీధులలో ప్రాణములర్పించిరి. కవి కథను చిన్నగదిలోనికి తీసికొనిపోయినను కథ వీధిలోనికి వెళ్లియే తీరెను.

అలలతో యుద్ధము

1917లో యేట్సు జార్జీ హైడ్-లీస్‌ను వివాహమాడెను. 1922లో స్వతంత్ర ఐర్లండు సెనేటు సభ్యుడయ్యెను. 1919లో ఆయన ప్రకటించిన నాటకములలో ఎమెర్ కథ యొకటి. మూర్ఛలో పడియున్న కుహూలిన్‌ను అప్సరోగణపు ఫాండ్ తన లోకమునకు లాగుచుండగా, భర్త ప్రాణము దక్కుటకు అతని ప్రేమనే వదులుకొను ఎమెర్ గాథ యది. ప్రాచీన ఐరిష్ మూలము గలది. దీనినే గద్యమునకు మార్చి, 1929 ఆగస్టు 13వ తేదీన అలలతో యుద్ధము అను పేర ఆబీ రంగముపై నృత్యనాటకముగ ప్రదర్శించిరి. అమెరికను స్వరకర్త జార్జి ఆంథైల్ సంగీతము కూర్చెను. హిల్డో క్రోప్ మాస్కులు చేసెను. నినెట్ ద వల్వా ఫాండ్‌గా నర్తించెను. ఆర్కెస్ట్రా హోరున పాటలలోని మాటలు సభకు అందలేదు. యేట్సు ఈసారి దానిని ముందే అంగీకరించి, కథను గద్యమున నడపి, పాటను సంగీతమునకు విడిచిపెట్టెను. మాటయే ప్రాణమని ముప్పదియేండ్లు వాదించిన కవి ఇట్లు ఒడంబడుట ఓటమి యనుటకంటె, కథకు దారి యిచ్చుటకై తాను తొలగుట యనుట సమంజసము. అతిథిశాల విడిచి కథ మరల ప్రజల రంగస్థలమునకు వచ్చెను.

తుదిదశ

1935, 1937 సంవత్సరములలో ఆయన మిత్రకవులతో కలిసి, పాటకు పాటగ స్వరలిపియు బొమ్మయు జోడించిన పత్రములను ప్రచురించెను. వీధిలో అమ్ము పాటకాగితములే వానికి నమూనా. 1937లో బి.బి.సి. ఆకాశవాణి ద్వారా జార్జి బార్న్సు నిర్వహణమున కవితాపఠన కార్యక్రమములు నడపెను. పఠనము సాగుచుండగా వాద్యము పలుకరాదు. చరణమునకు చరణమునకు నడుమ తప్పెట పలుకవలెను అనునది అప్పటి నియమము. ఫార్ తంత్రినుండి ఆంథైల్ ఆర్కెస్ట్రా వరకు పోయివచ్చిన కవి తుదకు నిలిచిన చోటు ఇది. కథకుడు ఊపిరి తీసికొనుచోట వాద్యము మాటలాడవలెను. బుర్రకథయందు వచనము నడచునపుడు తంబుర అణగియుండి, విరామమున గుమ్మెటలు అందుకొనుటను చూచినవారు ఈ నియమమును పల్లెటూరి కథకులు ఏ సిద్ధాంతము లేకయే పాటించుచున్నారని గ్రహింపగలరు. యేట్సు దానిని చేరుటకు నలువది సంవత్సరములు పట్టెను, ఏలయన ఆయన దేశమున చూపి నేర్పు పరంపర తెగిపోయియుండెను.

ఆయన చివరి నాటకము కుహూలిన్ మరణము. 1939 జనవరిలో మరణశయ్యకు చేరువగ నుండియు దానిని దిద్దుచుండెను. వీరుడు కూలిన పిదప రంగమున సంగీతము మారును. ప్రాచీన వాద్యధ్వని తొలగి, సంతలో వినబడు పిల్లనగ్రోవి, తప్పెట వినబడును. చినిగిన బట్టలు కట్టిన వీథిగాయని వచ్చి పాడును. స్లైగో పల్లెలో మొదలైన కథ అతిథిశాలలు, రంగస్థలములు తిరిగి తుదకు సంతవీధికి చేరినది.

1939 జనవరి 28వ తేదీన ఫ్రాన్సు దక్షిణతీరమున యేట్సు మరణించెను. యుద్ధానంతరము 1948 సెప్టెంబరులో అవశేషములను ఐర్లండునకు తెచ్చి, స్లైగో చెంత డ్రంక్లిఫ్ చర్చి ప్రాంగణమున మరల ఖననము చేసిరి. డర్ముడ్ మరణించినట్లు గాథ చెప్పు బెన్ బుల్బెన్ కొండ ఆ సమాధికి ఎదుటనే యున్నది.

యేట్సు కథాగాన పద్ధతి సంప్రదాయముగ పాదుకొనలేదు. సాల్టరీతో పఠించు శిష్యులు మిగులలేదు. నృత్యనాటకములు విద్వత్సభలకే ఎక్కువగ పరిమితములయ్యెను. అయినను ఆయన సాధన వ్యర్థము కాదు. పూర్వకథను అచ్చులో భద్రపరచుట సగము పని మాత్రమే యనియు, దానిని పలుకు కంఠమును, ఆ కంఠమును ఆసరించు వాద్యమును, రెండింటిని నేర్పు పరంపరను కాపాడనిచో మిగిలిన సగము నశించుననియు ఆయన జీవితము నిరూపించును. చెవిలేని కవి ఆ నష్టమును అందరికంటె ముందుగ వినగలిగెను. పరంపర ఇంకను తెగని దేశములందు పాటకుల, కథకుల యెదుట కూర్చుండి వ్రాసికొను పరిశోధకులకు ఈ జీవితము హెచ్చరికయు, ప్రోత్సాహమును కూడ.